ఎరిక్ లిడెల్ గారి రెండు ఆదివారములు

నూరేండ్ల పండుగ సంచికకు ధర్మసాగర్ సంఘస్థుల తరపున ఒక వ్యాసము వ్రాసి పంపుమని అయ్యగారు చెప్పినప్పుడు, ఏమి వ్రాయవలెనా అని మేము చాలా రోజులు ఆలోచించాము. మన అధ్యక్ష ఖండపు చరిత్ర మాకంటె బాగుగా తెలిసిన పెద్దలు ఉన్నారు. ఆ పని వారికే విడిచిపెట్టి, మేము ప్రతిరోజు కండ్లార చూచే ఒక సంగతితో మొదలుపెడుతున్నాము.

మా ఊరి చెరువును గురించి వరంగల్ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. గోదావరి నుండి దేవాదుల ఎత్తిపోతల నీళ్ళు వచ్చి చేరేది ఇక్కడికే. తెల్లవారుజామున ఆ కట్ట మీదికి వెళ్ళితే మన పిల్లలు పరుగెత్తుతూ కనబడతారు. వారిలో చాలామంది పోలీసు ఉద్యోగము కోసము పరుగెత్తేవారే. 2022–23 కానిస్టేబుల్ నియామకములలో మగపిల్లలు 1600 మీటర్ల దూరమును 7 నిమిషముల 15 సెకండ్లలో ముగించవలసి వచ్చింది. ఆడపిల్లలకు 800 మీటర్లు. ఒక్క సెకండు ఆలస్యమైనా ఇంటికి తిరిగి రావలసినదే. 2021 సెప్టెంబరులో హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియములో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పటి నుండి కొందరు పిల్లలకు పరుగు మీద మరింత ఆశ పుట్టింది.

ఈ పరుగుల మధ్య మా ఇండ్లలోనికి ఒక ప్రశ్న వచ్చి కూర్చున్నది. పరీక్ష గాని సెలెక్షన్లు గాని ఆదివారము నాడు పడితే ఏమి చేయవలెను? ఆరాధనకు రావలెనా, పందెమునకు పోవలెనా? ఈ ప్రశ్న వచ్చినప్పుడెల్లా మేము సండే స్కూలులో ఒకే ఒక్క కథ చెప్పేవారము. ఆదివారము పరుగెత్తనని ఒలింపిక్ పందెమును వదులుకొన్న ఎరిక్ లిడెల్ గారి కథ అది. కొన్ని సంవత్సరముల క్రితము మాలో ఒకరు ఆ కథను ఒక అబ్బాయి ముఖము మీదనే, అందరి ఎదుట చెప్పారు. అతనికి ఆ మరుసటి ఆదివారమే సెలెక్షన్లు. అతడు తల వంచుకొని విన్నాడు. ఆదివారము పందెమునకు పోయాడు. ఆ తరువాత చాలాకాలము దేవాలయము గడప త్రొక్కలేదు.

అటు పిమ్మట మేము లిడెల్ గారి జీవితమును మొదటి నుండి చివరి వరకు తెలిసికొన్నాము. తెలిసికొన్న తరువాత సిగ్గుపడ్డాము. మేము చెప్పినది అబద్ధము కాదు గాని సగమే. ఆ సగమును చేతికఱ్ఱగా ఇవ్వకుండ బెత్తముగా వాడుకొన్నాము. అందుచేత ఈ సంచికలో ఆయన కథ పూర్తిగా చెప్పుట మా బాధ్యత అనుకొంటున్నాము.

మిషనరీ ఇంట పుట్టిన బిడ్డ

ఎరిక్ లిడెల్ గారు 1902 జనవరి 16న ఉత్తర చైనాలోని టియెంట్సిన్ నగరములో పుట్టారు. తండ్రి జేమ్స్ లిడెల్, తల్లి మేరీ. స్కాట్లండు దేశస్థులైన వీరిద్దరు లండన్ మిషనరీ సొసైటీ పక్షమున చైనాలో సేవ చేస్తూ ఉండేవారు. ఈ సొసైటీ తెలుగువారికి క్రొత్తది కాదు. 1805లో విశాఖపట్నములో దిగిన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అను దొరగారలను పంపినది అదే. సువార్తలను తెలుగులోనికి తెచ్చే పనికి వారు అక్కడ పూనుకొన్నారు. 1822లో కడపలో పరిచర్య ఆరంభించినది కూడ అదే. ఆ సంఘములు తరువాత 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో కలిసినవి. కావున లిడెల్ కుటుంబము మనకు దూరపు చుట్టమే అని చెప్పుకొనవచ్చును.

ఎరిక్‌కు అన్న రాబర్ట్, చెల్లెలు జెన్నీ, చాలా చిన్నవాడైన తమ్ముడు ఎర్నెస్ట్. ఎరిక్‌కు ఆరేండ్లు, అన్నకు ఎనిమిదేండ్లు ఉన్నప్పుడు, 1908లో, తల్లిదండ్రులు ఆ ఇద్దరిని లండన్‌లో మిషనరీల కుమారుల కోసము నడిచే బడిలో విడిచిపెట్టి చైనాకు తిరిగి వెళ్ళారు. ఆ కాలములో అదే వాడుక. ఆరేండ్ల బిడ్డ అమ్మను విడిచి సంవత్సరముల తరబడి హాస్టలులో ఉండుట ఎట్టిదో మన తల్లులకు చెప్పనక్కరలేదు. ఈ సంగతి చదువరులు మనసులో పెట్టుకోవలెనని మనవి. కథ చివర దీనితో పని ఉన్నది.

ఆ బడి తరువాత ఎల్తామ్ కాలేజి అను పేరుతో ప్రసిద్ధి కెక్కింది. ఎరిక్ అక్కడ మాట తక్కువ, సిగ్గు ఎక్కువ అయిన పిల్లవాడు. మైదానములో అడుగు పెట్టితే మాత్రము ఎవరికీ అందడు. రగ్బీ, క్రికెట్ రెండింటికి కెప్టెన్ అయ్యాడు. తరువాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో సైన్సు చదివారు. 1922, 1923 సంవత్సరములలో స్కాట్లండు దేశపు రగ్బీ జట్టులో ఏడు ఆటలు ఆడారు. అటుపై పరుగు మీదనే మనసు పెట్టారు.

ఆయన పరుగు చూడ ముచ్చటైనది కాదట. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిలో ఊపుతూ పరుగెత్తేవారు. తెలిసినవారు చూచి నవ్వేవారు. అయినా 1923 జూలైలో లండన్‌లో 100 గజముల పందెమును 9.7 సెకండ్లలో ముగించారు. ఆ బ్రిటిష్ రికార్డు ఇరవై ఏండ్లకు పైగా ఎవరికీ చిక్కలేదు.

పడి లేచిన పందెము

అదే 1923లో రెండు సంగతులు జరిగినవి. మొదటిది ఏప్రిల్ నెలలో. ఆర్మడేల్ అను ఒక గని కార్మికుల ఊరిలో సువార్త కూటములు పెట్టినవారు, పేరున్న ఆటగాడు వచ్చి మాట్లాడితే మగవారు వింటారేమో అని ఎరిక్ గారిని పిలిచారు. అంతవరకు ఆయన నలుగురి ఎదుట తన విశ్వాసమును గూర్చి నోరు విప్పినవారు కారు. ఆ దినమున ఒప్పుకొని వెళ్ళి, ఉపన్యాసము లేకుండ, దేవుడు తనకు ఏమైయున్నాడో తిన్నగా చెప్పారు. పరుగుకు వచ్చిన పేరును సువార్త పనికి ఇచ్చివేయుట అక్కడ మొదలైనది.

రెండవది జూలై నెలలో, స్టోక్ అను ఊరిలో. 440 గజముల పందెము. బయలుదేరిన కొద్ది అడుగులలోనే మరొకరి కాలు తగిలి ఎరిక్ గారు ట్రాక్ పక్క గడ్డిలో పడిపోయారు. లేచేసరికి మిగిలినవారు సుమారు 20 గజములు ముందున్నారు. పందెము పోయినదనే అందరు అనుకొన్నారు. ఆయన లేచి పరుగెత్తి, ఒక్కొక్కరిని దాటి, గీత దగ్గర మొదటివాడుగా చేరి, అక్కడే కూలిపోయారు.

మేము మా యౌవనస్థులకు ఒలింపిక్ పతకము కంటె ఈ పందెమునే ఎక్కువగా చెప్పవలెనని ఇప్పుడు అనుకొంటున్నాము. ఒలింపిక్ పతకము వేయిమందిలో ఒకరికి కూడ దొరకదు. పడిపోవుట మాత్రము మనలో ప్రతివానికి తెలిసినదే. విశ్వాస జీవితములో పడనివాడు గొప్పవాడని మేము చెప్పము. పడినచోట కూర్చుండిపోవద్దని మాత్రమే చెబుతాము.

మొదటి ఆదివారము: పారిస్

1924 ఒలింపిక్ క్రీడలు పారిస్‌లో జరిగినవి. లిడెల్ గారి మీద దేశము పెట్టుకొన్న ఆశ 100 మీటర్ల పందెము. క్రీడల పట్టిక వచ్చినప్పుడు, ఆ పందెపు తొలి పరుగులు జూలై 6న, ఆదివారము అని తెలిసింది. రిలే పందెములకు కూడ ఆదివారము అడ్డు వచ్చింది. ప్రభువు దినమున పరుగెత్తనని ఆయన చెప్పివేశారు.

1981లో వచ్చిన ఇంగ్లీషు సినిమాలో ఈ సంగతి ఓడ ఎక్కేటప్పుడు హఠాత్తుగా తెలిసినట్టు చూపించారు. నిజము అది కాదు. పట్టిక కొన్ని నెలల ముందే తెలుసు. ఒక్క గడియలో ఆవేశముతో కాదు అనుట ఒక విధము. నెలల తరబడి అధికారులు నచ్చచెప్పుతుండగా, పత్రికలు దేశభక్తి లేనివాడని నిందించుచుండగా, అదే మాట మీద నెమ్మదిగా నిలుచుట మరొక విధము. ఆయన చేసినది రెండవది. ఆ నెలలను ఊరక గడపలేదు. తన శిక్షకుడైన టామ్ మెకర్చర్ గారితో 400 మీటర్ల పందెమునకు సాధన చేశారు. అది ఆయనకు అలవాటైన దూరము కాదు.

జూలై 6న తోటివారు స్టేడియములో పరుగెత్తుచుండగా ఆయన పారిస్‌లోని స్కాట్లండు వారి దేవాలయములో ఆరాధనలో ఉన్నారు. మరునాడు 100 మీటర్ల బంగారు పతకము అదే దేశస్థుడైన హెరాల్డ్ అబ్రహామ్స్‌కు వచ్చింది. ఆదివారము పరుగెత్తినవారిని తప్పు పట్టే పని లిడెల్ గారు పెట్టుకోలేదు. అది తన మనస్సాక్షి, తన నష్టము. ఇతరుల మీద దానిని రుద్దలేదు. మా కథలో మేము చెప్పక వదిలివేసిన మొదటి మాట ఇదే.

జూలై 9న 200 మీటర్లలో ఆయనకు కంచు పతకము వచ్చింది. జూలై 11 శుక్రవారము నాడు 400 మీటర్ల చివరి పందెము. ఆ ఉదయము జట్టులో మర్దనము చేసే మనిషి ఒకడు ఆయన చేతిలో మడిచిన కాగితము పెట్టాడు. దేవుని ఘనపరచేవారిని దేవుడు మరువడనే భావముగల ఒక వాక్యము సమూయేలు గ్రంథములో నుండి దానిలో వ్రాసి ఉన్నది. ఆయనకు దొరికినది అన్నిటికంటె బయటి వరుస. అక్కడ నుండి పరుగెత్తేవానికి పోటీవారు ఎవరూ కనబడరు. అమెరికాకు చెందిన హొరేషియో ఫిచ్ అదే దినమున సెమీఫైనలులో ఒలింపిక్ రికార్డు పెట్టి ఉన్నాడు. లిడెల్ గారు మొదటి సగమును 100 మీటర్ల పందెము వలె పరుగెత్తారు. రెండవ సగములో ఆగిపోతారని చూచేవారు అనుకొన్నారు. ఆగలేదు. 47.6 సెకండ్లలో, అందరికంటె ముందు గీత దాటారు. ఫిచ్ రెండవవాడు, బ్రిటన్‌కు చెందిన గై బట్లర్ మూడవవాడు.

వాడిపోయే ఆకులు

ఆరు దినముల తరువాత, జూలై 17న, ఎడిన్‌బరోలో ఆయనకు డిగ్రీ ఇచ్చారు. పట్టా ఇచ్చే వైస్ ఛాన్సలరు పాతకాలపు గ్రీకు ఆటలను తలపించునట్లు అడవి ఒలీవ జాతి ఆకులతో అల్లిన కిరీటమును ఆయన తలపై పెట్టారు. విద్యార్థులు ఆయనను భుజముల మీద మోసికొని ఊరేగించారు.

అపొస్తలుడైన పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడని మనకు తెలుసు. ఆ పట్టణము ప్రక్కనే రెండేండ్లకొకసారి ఇస్త్మియ ఆటలు జరిగేవి. గెలిచినవానికి ఇచ్చేది పైన్ చెట్టు కొమ్మలతోనో ఎండిన ఆకుకూర కాడలతోనో అల్లిన కిరీటము. దాని కోసము ఆటగాళ్ళు నెలల తరబడి తిండిని, నిద్రను అదుపులో పెట్టుకొనేవారు. ఆ కొరింథు వారికే పౌలు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పందెపు పోలిక వచ్చుట కాకతాళీయము కాదు. వాడిపోయే ఆకుల కోసము మనిషి ఇంత కష్టపడగలిగితే, వాడని దాని కోసము ఎంత కష్టపడవలెనో ఆలోచించండని ఆయన భావము. అయితే ఆ అధ్యాయమును మొదటి నుండి చదివితే మరొక సంగతి కనబడుతుంది. పందెపు పోలికకు ముందు పౌలు చెప్పుచున్నది తన హక్కులను గూర్చి. ఇతరుల మేలు కొరకు తనకున్న హక్కులను తానే ఎట్లు వదులుకొన్నాడో చెప్పి, ఆ వెంటనే పరుగును గూర్చి చెప్పాడు. అంటే ఈ పందెములో ప్రక్కవానిని ఓడించుట లేదు. తన్ను తాను అదుపులో పెట్టుకొనుట, ప్రక్కవాని కొరకు తనది వదులుకొనుట, ఇదే సాధన.

లిడెల్ గారు ఆ సాధన చేసినవారు. కావలసినంత పేరు వచ్చింది. ఒక్క సంవత్సరము స్కాట్లండులో వేదాంత విద్య చదువుతూ, సువార్త కూటములలో మాట్లాడుతూ గడిపి, 1925లో, 23 ఏండ్ల వయస్సులో, పరుగు పందెముల లోకమును విడిచి చైనాకు వెళ్ళిపోయారు.

చైనాలో

టియెంట్సిన్‌లోని ఆంగ్లో చైనీస్ కాలేజిలో ఆయన 12 ఏండ్లు సైన్సు మాస్టరుగా పని చేశారు. ఆటలు నేర్పారు, బైబిలు క్లాసు నడిపారు. 1932లో గురువుగా అభిషేకము పొందారు. 1934 మార్చి 27న కెనడా మిషనరీల కుమార్తె ఫ్లారెన్స్ మెకెంజీ గారిని వివాహము చేసికొన్నారు. పట్రీషియ, హెదర్ అను ఇద్దరు కుమార్తెలు పుట్టారు.

1937లో జపాను సైన్యము చైనా మీదికి వచ్చింది. ఆ సంవత్సరమే లిడెల్ గారు కాలేజిని విడిచి సియావోచాంగ్ అను పల్లె ప్రాంతమునకు వెళ్ళారు. అన్న రాబర్ట్ అక్కడ మిషను ఆసుపత్రి డాక్టరు. యుద్ధ ప్రాంతము గనుక భార్యాబిడ్డలు టియెంట్సిన్‌లోనే ఉండవలసి వచ్చింది. ఆయన సైకిలు మీద, కాలినడకన ఊరూర తిరిగారు. ఒకసారి గాయపడిన ఒక మనిషి పాడుబడిన గుడిలో పడి ఉన్నాడని, అతనిని తెచ్చుటకు ఎవరూ సాహసించుట లేదని తెలిసింది. లిడెల్ గారు ఒక బండివానిని ఒప్పించి, సైనికులు తిరుగుచున్న దారిలో వెళ్ళి అతనిని బండి మీద వేసికొన్నారు. దారిలో మరొకడు దొరికాడు. సైనికులు అతని మెడ నరకగా చావక మిగిలినవాడు. ఇద్దరిని ఆసుపత్రికి తెచ్చారు. మొదటివాడు చనిపోయాడు, రెండవవాడు బ్రతికాడు. ఆ బ్రతికినవాడు చిత్రకారుడు. కృతజ్ఞతతో ఒక పూల చిత్రము వ్రాసి ఇచ్చాడు. ఆ బండి దారిలో చప్పట్లు కొట్టేవారు లేరు, గడియారము పట్టుకొన్నవారు లేరు. మా దృష్టిలో అది పారిస్ పందెము కంటె కఠినమైన పందెము.

1941లో పరిస్థితి మరింత చెడినప్పుడు గర్భవతియైన భార్యను, ఇద్దరు బిడ్డలను కెనడాకు పంపి తాను పని మీద నిలిచిపోయారు. ఆ సంవత్సరము మూడవ కుమార్తె మౌరీన్ కెనడాలో పుట్టింది. ఆ బిడ్డను ఆయన ఎన్నడు చూడలేదు.

రెండవ ఆదివారము: వెయ్‌షియెన్

1943 మార్చిలో జపాను వారు ఆయనను, ఇతర విదేశీయులను షాన్‌టుంగ్ ప్రాంతములోని వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరమునకు తరలించారు. ఒకప్పుడు అది అమెరికా మిషనరీల ఆవరణము. సుమారు 200 గజముల పొడవు, 150 గజముల వెడల్పుగల ఆ గోడల మధ్య 1500 మందికి పైగా ఉండవలసి వచ్చింది. తిండి చాలదు, నీళ్ళు మోయవలెను, మరుగుదొడ్లు శుభ్రము చేయవలెను. వ్యాపారులు, పాదిరులు, సన్యాసినులు, త్రాగుబోతులు, అందరు ఒకే వరుసలో నిలిచేవారు. అట్టి చోట క్రైస్తవులు కూడ గది కొలతల కోసము పోట్లాడుకొన్నారని అక్కడ ఉన్నవారే తరువాత వ్రాశారు.

చెఫూ అను ఊరిలోని మిషనరీ బడి పిల్లలను కూడ అక్కడికే తెచ్చారు. వారిలో చాలామందికి తల్లిదండ్రులు దగ్గర లేరు. ఆరేండ్ల వయస్సులో అమ్మను విడిచి హాస్టలులో పెరిగిన లిడెల్ గారికి ఆ పిల్లల మనసు వేరొకరు చెప్పవలెనా? తన బిడ్డలు సముద్రము అవతల ఉండగా ఆ పిల్లలకే ఆయన తండ్రియైనారు. వారు ఆయనను అంకుల్ ఎరిక్ అని పిలిచేవారు. పరికరములు లేని సైన్సు పాఠమునకు బొమ్మలు గీసి నేర్పారు. విరిగిన హాకీ కఱ్ఱలకు తన దుప్పట్లు చింపి కట్టు కట్టారు. వృద్ధులకు నీళ్ళు మోశారు. లోకము చులకనగా చూచే ఒక స్త్రీ గదిలో ఆమె అడిగిన అర పెట్టి, బదులు ఏమీ కోరకుండ వచ్చారు.

ఆయన ఆ శిబిరములో కూడ ఆదివారము ఆటలు ఆడించేవారు కారు. ప్రభువు దినమును గూర్చిన ఆయన నియమము మారలేదు. అయితే పిల్లలకు ఆ దినమున చేయుటకు ఏ పనీ లేదు. ఒక ఆదివారము వారు తామే హాకీ ఆట పెట్టుకొన్నారు. రిఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాటగా మారింది. కఱ్ఱలు లేచినవి.

మరుసటి ఆదివారము లిడెల్ గారు రిఫరీగా మైదానములో నిలిచారు.

ప్రియ సంఘస్థులారా, మేము ఇక్కడ చాలాసేపు ఆగిపోయాము. ప్రపంచమంతా చూచుచుండగా, బంగారు పతకము కోసము ఆదివారము అడుగు వేయని మనిషి, ఎవరూ చూడని ఒక జైలు మైదానములో, కొట్లాడుకొనే పిల్లల కోసము ఆదివారము విజిలు పట్టారు. పారిస్‌లో సరియైతే వెయ్‌షియెన్‌లో తప్పు కాదా? వెయ్‌షియెన్‌లో సరియైతే పారిస్‌లో అంత పట్టుదల దేనికి? మాలో కొందరు మొదట ఇట్లే అడిగారు.

మాకు తోచిన సమాధానము ఇది. పారిస్‌లో నియమము విడిచిపెడితే లాభము ఆయనది. పతకము, పేరు, చప్పట్లు ఆయనవి. వెయ్‌షియెన్‌లో నియమము పట్టుకొనియుంటే లాభము ఆయనది. తన మనస్సాక్షి మీద మచ్చ పడలేదనే తృప్తి ఆయనకు దక్కేది, దెబ్బలు పిల్లలకు దక్కేవి. రెండుచోట్ల ఆయన వదులుకొన్నది ఒక్కటే, తన సొంతది. మొదటి ఆదివారము దేవుని కోసము తన కీర్తిని విడిచారు. రెండవ ఆదివారము బిడ్డల కోసము తన భక్తికి ఉన్న పేరును విడిచారు. విశ్రాంతిదినము మనుష్యుల మేలు కొరకే అని మన ప్రభువు నేర్పిన పాఠము తెలిసినవారికి ఈ రెండు ఆదివారములు ఒకే పరుగులోని రెండు అడుగులుగా కనబడతాయి.

గీత దాటిన దినము

1945 ఆరంభములో ఆయనకు తలనొప్పి ఎక్కువైనది, నడక మందగించింది. పని భారము వలన నీరసించారని మొదట అనుకొన్నారు. శిబిరములోని బ్యాండువారు ఒక ఆదివారము ఆసుపత్రి కిటికీ బయట ఆయన కోరిన కీర్తన వాయించారు. 1945 ఫిబ్రవరి 21న భార్యకు ఒక చిన్న ఉత్తరము వ్రాయించి, ఆ సాయంకాలము ప్రభువునందు నిద్రించారు. మెదడులో కంతి ఉన్నదని తరువాత తెలిసింది. వయస్సు 43. శిబిరమునకు విడుదల ఆగస్టు 17న వచ్చింది. ఆరు నెలలు కూడ తక్కువే.

చనిపోవుటకు కొద్ది వారముల ముందు, చలికాలములో బూట్లు లేక బాధపడుచున్న ఒక కుఱ్ఱవానికి ఆయన తన పరుగు బూట్లు ఇచ్చారు. అప్పటికే అవి చిరిగి కట్లు కట్టబడినవి. శత్రువుల కొరకు ప్రార్థించవలెనని కొండమీద ప్రసంగము నుండి ఆ కుఱ్ఱవానికి నేర్పినది కూడ ఆయనే. ఆ కుఱ్ఱవాడు పెద్దవాడై జపాను దేశమునకు మిషనరీగా వెళ్ళాడు. తమను చెరలో పెట్టినవారి దేశమునకే వెళ్ళాడు.

లిడెల్ గారి సమాధి మీద మొదట కఱ్ఱ సిలువ తప్ప ఏమీ లేదు. 1991లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము వారు స్కాట్లండు నుండి తెచ్చిన రాతితో అక్కడ జ్ఞాపక స్తంభము నిలిపారు.

మన వంతు

1945వ సంవత్సరము మన ప్రాంతమునకు కూడ మరువరానిది. ఆ జనవరి 1న దోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు కన్నుమూశారు. లిడెల్ గారికి ఏడు వారముల ముందు. ఆయన తిరునెల్వేలి సీమలో పుట్టి, సొంత భాష కాని తెలుగు నేర్చి, నాటి వరంగల్ జిల్లాలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చినవారు. 1912 డిసెంబరు 29న మన దేశస్థులలో మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకము పొందినవారు. ఆయన పరుగు పందెములలో పాల్గొన్నారని మేము చెప్పము. అయినా తనది విడిచి ఇతరుల కోసము పరుగెత్తినవారిలో ఆయన ఒకరు. ఇట్టివారు ఒకరి చేతిలో నుండి ఒకరు అందుకొని తెచ్చినదే ఈ నూరేండ్ల సువార్త. రిలే పందెములో కఱ్ఱ అందుకొన్నవాడు దానిని మెచ్చుకొంటూ నిలిచిపోతే ముందువాని పరుగంతా వ్యర్థము. పండుగ దినములలో మనము జ్ఞాపకముంచుకొనవలసినది ఇది.

ఇంతకు ఆదివారము సెలెక్షన్లకు పోవచ్చునా, కూడదా? మేము చట్టము చేయము. ఒక పేద ఇంటి బిడ్డకు వచ్చే ఉద్యోగము వానికి మాత్రమే లాభము కాదు, వాని తల్లికి అన్నము, చెల్లెలికి చదువు. ఆ బిడ్డను దేవుడు ఏ త్రాసులో తూచునో మేము ఎరుగము. అయితే వెళ్ళేవాడైనా వెళ్ళనివాడైనా ఒక ప్రశ్న వేసికొనవచ్చును. ఈ నిర్ణయములో నేను వదులుకొన్నది నాదా, ఇతరులదా? పెద్దలమైన మేము కూడ అదే ప్రశ్న వేసికొన్నాము. పిల్లవానిని అందరి ఎదుట సిగ్గుపరచినప్పుడు మేము మాది ఏమీ వదులుకోలేదు. అతనిదే తీసికొన్నాము.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మాలో ఇద్దరము ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళాము. అతనికి ఆ ఉద్యోగము రాలేదు. తల్లి టీ ఇచ్చింది. మేము తప్పు ఒప్పుకొని, చెప్పని రెండవ సగమును చెప్పాము. అతడు విని, ఆ పిల్లల హాకీ ఆటలో తరువాత ఎవరు గెలిచారని అడిగాడు. మాకు తెలియదని చెప్పితే నవ్వాడు. దేవాలయమునకు ఎప్పుడు వస్తావని మేము అడగలేదు.

ఇప్పుడు మాలో ఒకరు తెల్లవారక ముందే స్టాప్‌వాచి పట్టుకొని చెరువు కట్ట మీదికి పోతున్నారు. ఎవరి పిల్లలని చూడకుండ అందరికీ టైము చెబుతారు. ఆదివారము నాడు సెలెక్షన్లకు పోయే పిల్లలు ఉంటే, బస్సు ఎక్కక ముందు వారితో కలిసి ప్రార్థన చేస్తున్నాము. ఆ అబ్బాయి కూడ కట్ట మీద పరుగెత్తుతున్నాడు. మొన్న ఒకనాడు కాలు మడతపడి పడ్డాడు. మేము దగ్గరకు చేరేలోపలనే లేచి మరల పరుగెత్తాడు.

లిడెల్ గారి వంటి సాక్షులను మనకిచ్చిన దేవునికి స్తోత్రము. మన అధ్యక్ష ఖండములోని ప్రతి యౌవనస్థుడు, ప్రతి పెద్ద తమ వంతు పందెమును ఓపికతో ముగించునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.

ధర్మసాగర్ సంఘస్థుల పక్షమున